ఆఫ్రికా వన్యప్రాణుల నాణేలు: కొనేవారు, దాచుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏనుగు, సింహం, గొరిల్లా, ఖడ్గమృగం బొమ్మలున్న వెండి, బంగారు నాణేలు కొనాలనుకునేవారు, ఇంట్లో ఉన్న నాణెం అసలుదో కాదో తేల్చుకోవాలనుకునేవారు మాటిమాటికీ అడిగే ప్రశ్నలు ఇక్కడ ఉన్నాయి. నకిలీలను పట్టుకోవడం, భారత్‌కు తెచ్చుకోవడం దగ్గర నష్టపోయేవారు ఎక్కువ కాబట్టి ఆ రెండింటికీ ఎక్కువ చోటు ఇచ్చాం.

ఇవి స్మారక నాణేలా, పెట్టుబడి నాణేలా?

రెండు రకాలూ ఉన్నాయి. మొదట తేల్చుకోవాల్సింది కూడా ఇదే. పెట్టుబడి నాణెం ధర లోహం ధరకు కొంచెం పైన నడుస్తుంది. దక్షిణాఫ్రికా క్రూగర్‌రాండ్, సోమాలియా ఏనుగు మామూలు ముద్రణ ఈ కోవలోవి. స్మారక నాణేన్ని, అంటే సేకరణ కోసం పరిమిత సంఖ్యలో ముద్రించినదాన్ని, బొమ్మ కోసం, అరుదుతనం కోసం కొంటారు. దాని ధర లోహం విలువకు రెండు మూడు రెట్లు ఉండటం మామూలే. అమ్మకందారు స్మారక నాణెం ధర అడుగుతూ పెట్టుబడి కబుర్లు చెబుతుంటే ఆ బేరం వదిలేయండి.

పేరున్న వరుసలు ఏవి?

దక్షిణాఫ్రికాతో మొదలుపెట్టాలి. 1967లో వచ్చిన క్రూగర్‌రాండ్ ప్రపంచంలో తొలి ఆధునిక పెట్టుబడి బంగారు నాణెం. 1980లో అర, పావు, పదో వంతు ఔన్సు సైజులు తోడయ్యాయి. 50 ఏళ్లు నిండిన 2017లో వెండి, ప్లాటినం క్రూగర్‌రాండ్లు కూడా వచ్చాయి. ఇదే దేశం 1994లో నాచురా అనే 24 క్యారెట్ల బంగారు వరుస ప్రారంభించింది. మొదటి ఏడాది సింహం, 1995లో ఖడ్గమృగం, 1996లో ఏనుగు, 1997లో అడవి దున్న, 1998లో చిరుతపులి. వేటగాళ్ల కాలం నుంచి ‘బిగ్ ఫైవ్’ అని పేరుపడిన ఐదు జంతువులూ ఇవే.

2019లో సౌతాఫ్రికన్ మింట్ ‘బిగ్ ఫైవ్’ పేరుతోనే మరో వరుస తెచ్చింది. 2019లో ఏనుగు, సింహం, 2020లో ఖడ్గమృగం, చిరుతపులి, 2021లో దున్న వచ్చాయి. ఇందులో బొరుసు వైపు జంతువు ముఖం రెండు సగాలుగా విడిపోయి, చెరో అంచువైపు తిరిగి ఉంటుంది. ఒక్క నాణెం చూస్తే ఏదో వెలితిగా అనిపిస్తుంది. రెండు నాణేలు పక్కపక్కన ఆనిస్తే నడుమ నిండు ముఖం ఏర్పడుతుంది. ఖడ్గమృగం చర్మం మీది ముడతలు ఒక నాణెం నుంచి రెండోదానికి తెగకుండా సాగిపోతాయి. ఈమధ్య వచ్చిన డిజైన్లలో మా లెక్కన ఇదే మేటి. ఆ అందం చూడాలంటే జతగా కొనాలి, కాబట్టి బడ్జెట్ రెండింటికీ వేసుకోండి.

సోమాలియా ఏనుగు సంగతి కింద విడిగా ఉంది. 2018 నుంచి సోమాలియా పేరుతో చిరుతపులి కూడా వస్తోంది. రువాండా 50 ఫ్రాంకుల ‘ఆఫ్రికన్ ఔన్స్’ 2008లో గొరిల్లాతో మొదలై ఏటా జంతువు మారుతూ వస్తోంది. 2009లో ఏనుగు, 2010లో సింహం. 2019లో షూబిల్ అనే కొంగలాంటి పక్షి. కాంగో రిపబ్లిక్ పేరుతో 2015 నుంచి వస్తున్న సిల్వర్‌బ్యాక్ గొరిల్లా ముఖ విలువ 5,000 ఫ్రాంకులు. దాన్ని ముద్రించేది అమెరికాలోని స్కాట్స్‌డేల్ మింట్. కాంగో పేరుతో రెండు దేశాలున్నాయి. ఈ గొరిల్లా బ్రాజవిల్ రాజధానిగా ఉన్న కాంగోది, కిన్షాసా రాజధానిగా ఉన్నదానిది కాదు. ఆన్‌లైన్ జాబితాల్లో ఈ రెంటినీ తరచూ కలిపేస్తుంటారు.

క్రూగర్‌రాండ్ మీద ఉన్న జింక ఏది? బంగారం ఎర్రగా ఉంటుంది ఎందుకు?

అది స్ప్రింగ్‌బాక్, దక్షిణాఫ్రికా జాతీయ జంతువు. శిల్పి కూర్ట్ స్టైన్‌బర్గ్ దాన్ని మొదట 1947 నాటి ఐదు షిల్లింగుల వెండి నాణెం కోసం గీశారు. ఇరవై ఏళ్ల తర్వాత అదే బొమ్మ బంగారం మీదికి ఎక్కింది. పరుగులో ఉన్న జింక ముద్రణ సంవత్సరాన్ని రెండు ముక్కలు చేస్తుంది. మొదటి రెండు అంకెలు ఒకవైపు, చివరి రెండు మరోవైపు ఉంటాయి. రెండోవైపు ఉన్నది 19వ శతాబ్దపు ట్రాన్స్‌వాల్ బోయర్ రిపబ్లిక్ అధ్యక్షుడు పాల్ క్రూగర్.

ఎర్రదనం రాగి వల్ల వస్తుంది. ఇది 22 క్యారెట్ల నాణెం, మిగతా భాగమంతా రాగే. చేతులు మారినా గీతలు పడకూడదని అలా చేశారు. ఇక్కడ బరువు దగ్గర చాలామంది తడబడతారు. ఔన్సు క్రూగర్‌రాండ్ మొత్తం బరువు 33.93 గ్రాములు. అందులో మేలిమి బంగారం 31.1035 గ్రాములు, అంటే నిండు ట్రాయ్ ఔన్సు. కొనేటప్పుడు 33.93 గ్రాములకు 24 క్యారెట్ల ధర కట్టవద్దు. అమ్మేటప్పుడు 31.1 గ్రాములకు 22 క్యారెట్ల ధర ఒప్పుకోవద్దు. రెండూ తప్పు లెక్కలే. దీని మీద ముఖ విలువ ఉండదు. అయినా దక్షిణాఫ్రికాలో చట్టబద్ధమైన నాణెమే.

పాత క్రూగర్‌రాండ్ల గురించి మరో మాట. వర్ణవివక్షకు నిరసనగా అమెరికా 1985లో వీటి దిగుమతిని నిషేధించి, 1991లో ఎత్తేసింది. ఆ ఏళ్ల నాణెమైతే అమ్ముకోలేమేమోనని కొందరు భయపడతారు. ఇప్పుడు అలాంటి ఇబ్బంది ఏమీ లేదు.

సోమాలియా నాణెం జర్మనీలో ముద్రించారంటే అది నకిలీ కాదా?

కాదు. ఈ వరుసను ముద్రించేది మ్యూనిక్‌లోని బవేరియా ప్రభుత్వ టంకశాల. 1999లో జాంబియా పేరుతో మొదలైంది. 2004 నుంచి సోమాలియా పేరుతో వస్తోంది. సొంతంగా ఈ స్థాయి టంకశాల లేని దేశాలు తమ పేరు, చిహ్నం వాడుకోవడానికి అనుమతి ఇచ్చి రుసుము తీసుకోవడం నాణేల లోకంలో మామూలే. జాంబియా కాలపు వెండి నాణేల మీద 5,000 క్వాచాలు, ఈమధ్యటి సోమాలియా ఔన్సు వెండి మీద 100 షిల్లింగులు, ఔన్సు బంగారం మీద 1,000 షిల్లింగులు అని ఉంటుంది. ఏటా ఏనుగు బొమ్మ మారుతుంది. ఒకసారి తల్లీపిల్లా, ఒకసారి మంద, మరోసారి ఒంటరి మగ ఏనుగు. జాంబియా నాణేలు తక్కువగా దొరుకుతాయి కాబట్టి ధర ఎక్కువ పలుకుతాయి.

ముఖ విలువ చూసి కంగారు పడవద్దు. ఈ నాణెంతో సోమాలియా రాజధాని మొగదిషు అంగళ్లలో ఎవరూ సరుకు కొనరు. దాని విలువ వెండిలో ఉంది.

మన దగ్గర ఇంకో గందరగోళం ఉంది. జర్మనీ వెండి నాణేన్ని కొందరు ‘జర్మన్ సిల్వర్’ అనుకుంటారు. పూజ సామాను అంగళ్లలో దొరికే జర్మన్ సిల్వర్‌లో వెండి చుక్క కూడా ఉండదు. అది రాగి, నికెల్, జింక్ మిశ్రమం. సోమాలియా ఏనుగు మాత్రం మేలిమి వెండి. పాత సంవత్సరాలవి 999, ఈమధ్యవి 999.9 స్వచ్ఛత.

1970ల నాటి వన్యప్రాణి సంరక్షణ నాణేలు ఇంట్లో ఉన్నాయి. వాటికి విలువ ఉందా?

ఉంది. ఆఫ్రికా జంతువుల నాణేల్లో మనసుపెట్టి సేకరించదగ్గ వరుస ఇదే అని మా అభిప్రాయం. ప్రపంచ వన్యప్రాణి నిధి కోసం 1974 నుంచి చాలా దేశాలు ఇవి విడుదల చేశాయి. చాలావరకు దేశానికి రెండు వెండి, ఒక బంగారు నాణెం. టాంజానియా 1974లో 25 షిలింగి మీద జిరాఫీ, 50 షిలింగి మీద నల్ల ఖడ్గమృగం, 1,500 షిలింగి బంగారం మీద చీతా వేసింది. అప్పటి జైరే (నేటి కిన్షాసా కాంగో) 1975లో పర్వత గొరిల్లా, జిరాఫీకి బంధువైన ఒకాపి, చిరుతపులి తెచ్చింది. 1978లో బోట్స్‌వానా గెమ్స్‌బాక్, క్లిప్‌స్ప్రింగర్ అనే జింకలను, గోధుమ రంగు హైనాను, మలావి జీబ్రాను, సేబుల్, న్యాలా జింకలను ఎంచుకున్నాయి. మారిషస్ 1975లో సీతాకోకచిలుకను, అంతరించే దశకు చేరిన కెస్ట్రల్ డేగను వేసింది. సింహం, ఏనుగుల వెంటే పడకుండా, ప్రమాదంలో ఉన్నా ఎవరూ పట్టించుకోని జీవులకు చోటిచ్చినందుకు ఈ వరుస మీద మాకు గౌరవం.

ఇక్కడ దెబ్బతినే చోటు ఒకటుంది. ఒకే నాణెం రెండు రకాలుగా వచ్చింది. ప్రూఫ్ నాణేల్లో, అంటే సేకరణ కోసం ప్రత్యేకంగా ఒత్తినవాటిలో, వెండి 92.5 శాతం. చిన్నది 28.28 గ్రాములు, పెద్దది 35 గ్రాములు. మామూలు ముద్రణలో మాత్రం వెండి సగానికి సగమే, 50 శాతం. బొమ్మ ఒకటే కాబట్టి సగం వెండి నాణేన్ని ప్రూఫ్ ధరకు అంటగట్టేవారు ఉన్నారు. ప్రూఫ్ నాణెం నేపథ్యం అద్దంలా మెరుస్తుంది, బొమ్మ మంచు పట్టినట్టు తెల్లగా ఉంటుంది. అనుమానం ఉంటే తూకం వేయండి. బంగారు నాణేలు 33.437 గ్రాములు, 900 స్వచ్ఛత. అంటే మేలిమి సుమారు 30.1 గ్రాములు, ఔన్సు కంటే కాస్త తక్కువ.

వెండి, బంగారం జోలికి పోకుండా తక్కువ ఖర్చుతో మొదలుపెట్టవచ్చా?

చక్కగా. చెలామణీ నాణేలతో మొదలుపెట్టండి. కెన్యా 2018 డిసెంబర్‌లో విడుదల చేసిన నాలుగు నాణేలు ఒక ముద్దైన సెట్: ఒక షిల్లింగు మీద జిరాఫీ, ఐదు మీద ఖడ్గమృగం, పది మీద సింహం, ఇరవై మీద ఏనుగు. 2010 నాటి రాజ్యాంగం డబ్బు మీద మనుషుల చిత్రాలు వద్దన్నందుకే అధ్యక్షుల స్థానంలోకి జంతువులు వచ్చాయి. దక్షిణాఫ్రికా 2023 నాణేల్లో పది సెంట్ల మీద కేప్ తేనెటీగ, ఒక రాండ్ మీద స్ప్రింగ్‌బాక్, ఐదు రాండ్ల మీద తిమింగలం ఉన్నాయి. నైరోబీ, జొహన్నెస్‌బర్గ్‌లలో పనిచేసే బంధువులుంటే, వచ్చేటప్పుడు చిల్లరలోంచి కొత్తవి ఏరి తెమ్మనండి. డీలర్‌కు పది రెట్లు ఇవ్వాల్సిన పని ఉండదు.

బీయూ, ప్రూఫ్, యాంటిక్ అంటే ఏమిటి?

బీయూ అంటే చెలామణీలోకి వెళ్లని తాజా ముద్రణ. ప్రూఫ్ అంటే పాలిష్ చేసిన అచ్చులతో, పాలిష్ చేసిన బిళ్లల మీద, ఒకసారికి మించి ఒత్తి తీసినది. యాంటిక్ ఫినిష్ అంటే కావాలని నలుపు తేల్చి పాతదానిలా కనిపించేలా చేయడం. ఆ నలుపును పొరపాటున కూడా తోమవద్దు, తోమితే నాణెం విలువే పోతుంది. బంగారు క్రూగర్‌రాండ్‌లో ప్రూఫ్‌ను అంచు చూసి గుర్తుపట్టవచ్చు. మామూలు దానికి 160 గీతలు, ప్రూఫ్‌కు 220 గీతలు.

న్యాయమైన ధర ఎంతో ఎలా లెక్కకట్టాలి?

ట్రాయ్ ఔన్సు 31.1035 గ్రాములు. మన కాసు 8 గ్రాములు, బజారు తులం 10 గ్రాములు. అంటే ఔన్సు అంటే మూడు తులాలకు కాస్త ఎక్కువ. లెక్క తేలికగా ఉండటానికి వెండి కిలో లక్ష రూపాయలు అనుకుందాం. అప్పుడు ఔన్సు నాణెంలో లోహం విలువ 3,110 రూపాయలు. డీలర్ 3,900 అడిగితే 790 రూపాయలు ఎక్కువ, అంటే సుమారు 25 శాతం. ఆ రోజు రేటు వేసి ఇదే లెక్క చేయండి.

ఆ అదనం ఎంతవరకు ఒప్పుకోవచ్చు అన్నది నాణేన్ని బట్టి ఉంటుంది. క్రూగర్‌రాండ్‌కు పాతది, కొత్తది తేడా పెద్దగా లేదు. లోహం కోసమే అయితే తక్కువ అదనంతో ఏ సంవత్సరం దొరికితే అది తీసుకోండి. సోమాలియా ఏనుగు బొమ్మ ఏటా మారుతుంది కాబట్టి కొన్ని పాత సంవత్సరాలకు సేకర్తలు ఎక్కువ పెడతారు. అదే ఆశతో ఈ ఏడాది నాణేన్ని ఎక్కువ పోసి కొనడం మాత్రం సరికాదు. పదో వంతు ఔన్సు బంగారు నాణేల మీద కూలి భారం ఎక్కువ. అవే పది కొంటే ఔన్సు నాణెం కంటే ఖరీదవుతాయి.

నకిలీని ఇంట్లోనే ఎలా పట్టుకోవాలి?

0.01 గ్రాము చూపే చిన్న తూకం, డిజిటల్ కాలిపర్, బలమైన నియోడిమియం అయస్కాంతం కావాలి. ఒక్క పరీక్షతో తీర్పు ఇవ్వకండి, వరుసగా చేయండి.

1. తూకం. ఔన్సు వెండి నాణెం 31.1 గ్రాములకు తగ్గకూడదు. కాస్త ఎక్కువున్నా ఫర్వాలేదు. క్రూగర్‌రాండ్ 33.93 గ్రాములు.

2. కొలత. బంగారు క్రూగర్‌రాండ్ వ్యాసం 32.77 మిల్లీమీటర్లు, మందం సుమారు 2.8. వెండి క్రూగర్‌రాండ్ వ్యాసం 38.725 మిల్లీమీటర్లు. తేలిక లోహంతో చేసిన నకిలీ బరువులో సరిపోవాలంటే మందంలోనో వ్యాసంలోనో పెరగక తప్పదు. దొంగ దొరికేది ఎక్కువగా ఇక్కడే. కాలిపర్ దవడలు నాణేనికి గీతలు పెడతాయి, మధ్యలో పల్చని కాగితం ఉంచండి.

3. అయస్కాంతం. అతుక్కుంటే ఇనుము ఉంది, అక్కడితో ఆపేయండి. అయస్కాంతాన్ని 45 డిగ్రీల వాలుగా పెట్టి నాణేన్ని జారవిడిస్తే, మేలిమి వెండి ఎవరో వెనక్కి లాగుతున్నట్టు నెమ్మదిగా దిగుతుంది. ఇత్తడి, సీసం నాణేలు గబుక్కున జారిపోతాయి. వెండి పూత పూసిన రాగి కూడా నెమ్మదిగానే దిగుతుంది, అందుకే ఈ పరీక్ష ఒక్కటే చాలదు.

4. నీటి పరీక్ష. గ్లాసులో డిస్టిల్డ్ వాటర్ పోసి తూకం మీద పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నని దారంతో కట్టి, అడుగుకూ గోడకూ తగలకుండా పూర్తిగా ముంచండి. తూకం చూపే అంకెతో నాణెం బరువును భాగిస్తే సాంద్రత వస్తుంది. 31.1 గ్రాముల వెండికి తూకం 2.96 దగ్గర ఆగాలి, సాంద్రత 10.49. రాగి అయితే 3.47 చూపుతుంది. క్రూగర్‌రాండ్‌కు 1.94 చుట్టుపక్కల రావాలి, సాంద్రత 17.5 దరిదాపుల్లో. నాణేనికి అంటుకున్న గాలి బుడగలు లెక్క చెడగొడతాయి, దారాన్ని కొంచెం ఆడించి వదిలించుకోండి. ప్రూఫ్ నాణేలకు ఈ పరీక్ష వద్దు, నీటి మరకలు పడతాయి.

5. భూతద్దం. అసలు నాణెంలో ఏనుగు చర్మం ముడతలు, జింక వెంట్రుకల గీతలు పదునుగా తెగి ఉంటాయి. పోత పోసిన నకిలీలో అవి మైనం కరిగినట్టు మెత్తగా, నేపథ్యం మీద సన్నని గుంతలతో కనిపిస్తాయి. అంచు చుట్టూ అతుకు గీత ఉంటే అది నూటికి నూరుపాళ్లు పోత పోసినదే.

24 క్యారెట్ల బంగారంతో ఓ చిక్కు ఉంది. టంగ్‌స్టన్ సాంద్రత 19.25, బంగారానిది 19.32. మధ్యలో టంగ్‌స్టన్ పెట్టిన నకిలీ నీటి పరీక్షలో గట్టెక్కేస్తుంది. నగల కొట్టులోని క్యారెట్ మెషిన్ పైపొరనే చదువుతుంది కాబట్టి మందపాటి పూతకు అదీ మోసపోతుంది. లోపలి విద్యుత్ వాహకతను కొలిచే పరికరం ఉన్న డీలర్ దగ్గరికి వెళ్లండి. గీటురాయి మీద మాత్రం ఎవరినీ రుద్దనివ్వకండి. ఒక్క గీటుతో సేకరణ విలువ గంగలో కలుస్తుంది.

కొత్త వెండి నాణెం మీద తెల్ల మచ్చలు వచ్చాయి. మోసపోయామా?

లేదు. వీటిని మిల్క్ స్పాట్స్ అంటారు. ముద్రణకు ముందు వెండి బిళ్లల్ని కడిగిన ద్రావణం ఆనవాళ్లు మిగిలిపోయి, కొలిమిలో వేడి చేసినప్పుడు లోహంలోకి దిగుతాయి. నెలల తర్వాత తెల్లగా బయటపడతాయి. సోమాలియా ఏనుగులతో సహా చాలా టంకశాలల వెండి నాణేలకు ఈ సమస్య ఉంది. సురక్షితంగా పోగొట్టే పద్ధతి లేదు. లోహం విలువ తగ్గదు, సేకర్త ఇచ్చే ధర తగ్గుతుంది. పాత సంవత్సరం నాణెం ఆన్‌లైన్‌లో కొంటే అదే నాణెం ఫొటో రెండు వైపులా అడగండి.

నల్లబడిన నాణేన్ని విభూతితోనో చింతపండుతోనో తోమవచ్చా?

వద్దు. వెండి కుంకుమ భరిణకు పనికొచ్చే వైద్యం నాణేనికి విషం. విభూతి, టూత్‌పేస్ట్, సబీనా పొడి అన్నీ సన్నని గీతలు పెడతాయి. ప్రూఫ్ నాణెం అద్దపు మెరుపు ఒక్క రుద్దుతో శాశ్వతంగా పోతుంది. నలుపు అంటే గాలిలోని గంధకంతో వెండి కలిసి ఏర్పడిన పొర, దానివల్ల లోహానికి నష్టం లేదు.

జిడ్డు, లేదా ప్లాస్టిక్ కవర్ నుంచి అంటిన ఆకుపచ్చ జిగురు ఉంటే మాత్రం తీయాలి, లేకపోతే లోహాన్ని తింటుంది. గాజు గిన్నెలో స్వచ్ఛమైన అసిటోన్ పోసి ఐదు పది నిమిషాలు నానబెట్టి, రుద్దకుండా తీసి, డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, మెత్తని గుడ్డ మీద ఆరనివ్వండి. గోళ్ల రంగు తీసే ద్రవంలో నూనెలు, రంగులు కలుస్తాయి కాబట్టి అది పనికిరాదు. పొయ్యి దగ్గర, తలుపులు మూసిన గదిలో ఈ పని చేయవద్దు.

ఎలా భద్రపరచాలి?

సోమాలియా ఏనుగుకు, వెండి క్రూగర్‌రాండ్‌కు 39 మిల్లీమీటర్ల క్యాప్సూల్ సరిపోతుంది. ఆల్బమ్ పేజీలు పీవీసీవి కొనవద్దు, ఆకుపచ్చ జిగురు వాటి నుంచే వస్తుంది. వాసన చూస్తే కొత్త షవర్ కర్టెన్ వాసన కొడతాయి. రబ్బరు బ్యాండ్లు, న్యూస్‌పేపర్, ఉన్ని గుడ్డ, చెక్క బీరువా నుంచి గంధకం, ఆమ్లాల ఆవిరి వస్తుంది, వాటికి దూరంగా ఉంచండి. బట్టల మధ్య కలరా ఉండలతో పాటు దాచవద్దు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరంలో ఉంటే గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, రంగు మారగానే మార్చండి. పట్టుకునేటప్పుడు అంచులే పట్టుకోవాలి. బొమ్మ మీద పడిన వేలిముద్ర వారాల్లో మరకగా మారుతుంది.

విదేశాల నుంచి భారత్‌కు తెప్పించుకోవచ్చా?

ఇక్కడ జాగ్రత్త. 2019 చివర నుంచి ఏ రూపంలో ఉన్న బంగారమైనా, వెండైనా దిగుమతి చేసుకోవడానికి అనుమతి పొందిన బ్యాంకులు, ఏజెన్సీలకే వీలు. విదేశీ సైట్‌లో ఆర్డర్ చేసి కొరియర్‌లో తెప్పిస్తే కస్టమ్స్‌లో ఆగిపోవచ్చు, జప్తు కూడా కావచ్చు. ‘గిఫ్ట్’ అనో ‘టోకెన్’ అనో రాసి పంపమని అమ్మకందారును అడగడం ఇంకా ప్రమాదం.

స్వయంగా తెచ్చుకునేవారికి దారి వేరు. భారతీయ పాస్‌పోర్ట్ ఉన్నవారు, భారత సంతతివారు కనీసం ఆరు నెలలు విదేశంలో ఉండి వస్తుంటే, సుంకం కట్టి కిలో వరకు బంగారం, పది కిలోల వరకు వెండి తేవచ్చు. ఏడాది దాటి ఉన్నవారి నగలకు ఇచ్చే మినహాయింపు నాణేలకు వర్తించదు. ఇది తెలియక దొరికిపోయేవారు ఎక్కువ. ఆరు నెలలు నిండకపోతే సుంకం చాలా ఎక్కువ. 2024 జులై బడ్జెట్‌లో బంగారం, వెండి దిగుమతి సుంకాన్ని 15 నుంచి 6 శాతానికి తగ్గించారు. రేట్లు మారుతుంటాయి కాబట్టి బయలుదేరే వారంలో కస్టమ్స్ బోర్డు ప్రకటన చూడండి. కొనుగోలు బిల్లు చేతి సంచిలో పెట్టుకుని, సుంకం కట్టాల్సిన సరుకు ఉందని చెప్పుకునే రెడ్ చానెల్‌కే వెళ్లండి. రసీదు జాగ్రత్త చేయండి, రేపు అమ్మేటప్పుడు అడుగుతారు.

బ్రిటన్, అమెరికాల్లో ఉన్నవారికి ప్రత్యేకంగా తెలియాల్సింది?

బ్రిటన్‌లో బంగారు క్రూగర్‌రాండ్‌కు వ్యాట్ లేదు, వెండి నాణేలకు 20 శాతం ఉంది. బ్రిటన్ సొంత సావరిన్, బ్రిటానియాలకు ఉన్న లాభాల పన్ను మినహాయింపు ఆఫ్రికా నాణేలకు లేదు. అమెరికాలో రిటైర్మెంట్ ఖాతా ఐఆర్ఏలో క్రూగర్‌రాండ్ పెట్టడానికి వీల్లేదు, 22 క్యారెట్లు కావడమే కారణం.

గ్రేడింగ్ చేయించాలా?

ఎన్‌జీసీ, పీసీజీఎస్ సంస్థలు 70 పాయింట్ల స్కేలు మీద గ్రేడ్ ఇచ్చి, నాణేన్ని ప్లాస్టిక్ పెట్టెలో సీల్ చేస్తాయి. జాంబియా ఏనుగులు, 1970ల ప్రూఫ్‌లు, నాచురా నాణేలకు చేయించడం మంచిది, నకిలీ భయం పోతుంది. ఏటా లక్షల్లో వచ్చే పెట్టుబడి నాణెం ఎంఎస్70 (అన్నిటికన్నా పై గ్రేడ్) లేబుల్‌తో రెట్టింపు ధరకు అమ్ముతుంటే కొనవద్దు. టంకశాల నుంచి నేరుగా వెళ్లిన తాజా నాణేల్లో చాలావాటికి ఆ గ్రేడ్ వస్తూనే ఉంటుంది.

రంగులద్దిన, బంగారు పూత వేసిన ఏనుగు నాణేలు కొనవచ్చా?

చాలావరకు ఇవి మామూలు సోమాలియా ఏనుగులే. ముద్రణ అయ్యాక ప్రైవేటు సంస్థలు రంగులు, బంగారు పూత, నల్లని రుథేనియం పూత వేసి, పెట్టె, సర్టిఫికెట్ జోడించి అమ్ముతాయి. ‘కేవలం 500’ అన్నది ఆ సంస్థ పూత వేసిన సంఖ్య, టంకశాల ముద్రించినది కాదు. తిరిగి అమ్మితే మామూలు నాణెం ధర కూడా రాకపోవచ్చు. కళ్లకు నచ్చి కొనుక్కుంటే అది వేరే సంగతి. టంకశాలే స్వయంగా రంగు వేసి విడుదల చేసిన నాణేలు కొన్ని ఉన్నాయి, వాటిని ఆ టంకశాల జాబితాలో సరిచూసుకోండి.

మనం పెట్టే డబ్బు జంతువుల సంరక్షణకు వెళుతుందా?

దానంతట అది వెళ్లదు. 1970ల వరుస ఆ ఉద్దేశంతోనే పుట్టింది. మిగతావాటిలో నాణెం మీద ఖడ్గమృగం ఉన్నంత మాత్రాన ఖడ్గమృగానికి పైసా అందుతుందని అనుకోవద్దు. ఏ సంస్థకు, నాణేనికి ఎంత చొప్పున ఇస్తున్నారో టంకశాల రాతపూర్వకంగా చెబితేనే లెక్కలోకి తీసుకోండి.

అమ్మాలంటే ఎక్కడ?

నగల దుకాణంలో ఆఖరి ప్రయత్నంగా అడగండి. బీఐఎస్ హాల్‌మార్క్ లేదని తరుగు తీసి, కరిగించే ధరే ఇస్తారు. బ్యాంకులు తాము అమ్మిన బంగారు నాణేలే తిరిగి కొనవు, విదేశీవి అసలే తీసుకోవు. హైదరాబాద్ లాంటి నగరాల్లో జరిగే నాణేల ప్రదర్శనలు, లైసెన్సున్న నాణేల వేలం సంస్థలు మేలు. క్యాప్సూల్, పెట్టె, సర్టిఫికెట్, బిల్లు అన్నీ కలిపి ఇస్తే ధర పెరుగుతుంది. కనీసం ముగ్గురి దగ్గర ధర అడగండి, లోహం విలువ ముందే లెక్కకట్టుకుని వెళ్లండి. 2024 జులై 23 నుంచి జరిగిన అమ్మకాలకు, బంగారం, వెండి నాణేలు 24 నెలలకు మించి మీ దగ్గర ఉంటే, దీర్ఘకాలిక లాభం మీద 12.5 శాతం పన్ను పడుతుంది. కొన్న తేదీ, కొన్న ధర చూపే బిల్లు లేకపోతే ఆ లాభం ఎంతో నిరూపించడం కష్టం, కాబట్టి బిల్లును నాణెంతో పాటే దాచండి.